ఎర్ర తాడు

“కొత్త బ్రేకు పైపు వేయించాను జెస్సీ. మీ ఫ్యాక్టరీదే!” ఫ్యాక్టరీ గేటు ముందు ఆటో ఆపి గొప్పగా చెప్పాడు ఎడ్విన్.

ఎక్కబోతున్న భార్య ఆగిపోయింది. “తీయించెయ్యండి.”

“అదేంటి? నువ్వు బిగించిందే అయ్యుంటుంది.”

“అందుకేనండీ.”

ఎడ్విన్‌కి అర్థం కాలేదు. “తప్పు కనిపిస్తే ఎవరైనా ఎర్ర తాడు లాగి లైను ఆపెయ్యొచ్చు, జపాను పద్ధతి అన్నావుగా?”

“లాగొచ్చు. లాగగానే కంప్యూటరు మన పేరు బోర్డు మీద వేస్తుంది. ఎవరి వల్ల ఎంతసేపు పని ఆగిందో అందరికీ కనపడుతుంది. మా లైనులో విజయకుమారిగారి పేరు అలాగే అన్నిటికంటే పైకెక్కింది. ఇప్పుడావిడ పనిలో లేరు.”

“మరి పగుళ్ళిచ్చిన పైపు నీ ముందుకొస్తే?”



వెనక సీట్లో గణపవరం వెళ్ళేవాళ్ళు ఒకరి మీద ఒకరు కూర్చున్నారు. “పోనివ్వు బాబూ, చీకటి పడుతోంది,” అందొక ముసలామె.

ఎడ్విన్ కిందికి దిగి, ముందు చక్రం దగ్గర పైపును వేలితో తడిమాడు. అలాగే వంగి అడిగాడు.

“రేపైనా లాగుతావా?”

జెస్సీ డ్రైవరు సీటు పక్కన ఇరుక్కుని కూర్చుని, కడ్డీ గట్టిగా పట్టుకుంది.

“మెల్లగా పోనివ్వండి.”