ప్రోగ్రెసివ్

కూతురి కండరాల జబ్బు గురించి ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన కాగితంలో ‘ప్రోగ్రెసివ్’ అన్న మాట చూసి, కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే ఆ తండ్రికి ప్రాణం లేచొచ్చింది.

“మా షాపులో అన్నిటికన్నా మంచి అద్దాల్ని అలాగే అంటాం తల్లీ. నీ బడి కార్డుల మీద కూడా ప్రోగ్రెస్ అనేగా ఉండేది! ఇంక భయం లేదు,” అన్నాడు. ఆమె చేతికర్ర సర్దుకుంటూ నవ్వింది. ఇంటికి రాగానే భార్యకీ అదే చెప్పాడు.

మర్నాడు షాపుకొచ్చే కంటి డాక్టరుకు ఆ కాగితం గర్వంగా చూపించాడు.

ఆయన చదివి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “జబ్బు పక్కన ఆ మాట రాస్తే, రోజురోజుకీ ముదురుతుందని అర్థమయ్యా. దీనికి మందు లేదు.”

పని మధ్యలోనే ఇంటికొచ్చి కూతురి మంచం మీద కూర్చున్నాడు.

“తెలిసిపోయిందా నాన్నా?” అంది ఆమె అతని ముఖం చూసి. “నాకు పోయిన నెలలోనే చెప్పారు.”

“మరి నిన్న నవ్వావేంటమ్మా?”

ఆమె తలుపు వైపు చూసింది. వంటింట్లో తల్లి కూనిరాగం తీస్తోంది.

“అమ్మ పాడి ఎన్నాళ్ళయింది! ఇవాళ్టికి పాడనీ నాన్నా.”