మందార మైల

ఆ కాలంలో ఒక ఒంట్లో ఇద్దరు ముగ్గురు మనుషులుండటం వింతేమీ కాదు. హారిక కూతురు తన్వి ఒంట్లో మందార కూడా ఉండేది. టీవీ సీరియల్ కథలోంచి వచ్చిన పిల్ల. తన్వి కాకరకాయ ముట్టదు, మందారకు అదే ప్రాణం. అందుకని హారిక రోజూ రెండు కూరలు వండేది.

ఆ మధ్యాహ్నం సీరియల్లో మందార లారీ కింద పడి చనిపోయింది. హారికకు ఏడుపు రాలేదు. పొయ్యి ఆర్పేసి, తలమీద నీళ్లు పోసుకుని, తడిజుట్టుతో గుమ్మంలో కూర్చుంది. ఇక ఇంటికొచ్చేది ఒక్క తన్వే అనుకుంది.

సాయంత్రం కూతురు ఆఫీసు నుంచి వచ్చింది.

"ఎవరు పోయారత్తా?"

అత్తా అని పిలిచేది మందారే.

"నువ్వేనే," అంది హారిక. "టీవీలో చూశాను."

"అయ్యో, తన్వి నా లోపల పడీపడీ నవ్వుతోంది! పోయింది అక్కడి మందార. నేనిక్కడే ఉన్నా కదత్తా."

"నీకేం కాదా మరి?"

"కాదు." మందార చెప్పులు విప్పి గుమ్మం బయటే నిలబడింది. "కానీ ఆ కథలో దానికి నా అన్నవాళ్లెవరూ లేరు. మైల పట్టాల్సింది నేనే. నాకూ నీళ్లు తోడు."

"నేను పోసుకున్నానుగా," అంటూనే హారిక బకెట్ అందుకుంది.