ఏడు కోర్ల నిద్ర

“సినిమా రేపు రాత్రికి అవుతుందంటోంది ఈ కంప్యూటర్,” అన్నాడు భర్త తెర మీంచి కళ్ళు తిప్పకుండా. “ఈ సాయంత్రం ఆట పెట్టుకుని రేపు రాత్రికి ఇస్తే దేనికి, నెత్తినేసి కొట్టుకోడానికా?”

అతను బొమ్మల సినిమాలు తీస్తాడు. ఇంటి ముందుగదే ఆఫీసు. ఈసారి తీసింది ఒక పిల్లల ఆసుపత్రి కోసం. స్కానింగ్ యంత్రంలో పడుకోమంటే బెదిరిపోయే పిల్లలకు ధైర్యం చెప్పడానికి, అదే యంత్రంలోకి షికారు వెళ్ళే ఏనుగుపిల్ల కథ. కొద్ది నిమిషాల సినిమా. వార్డులో తెర కట్టేశారు. ఈ సాయంత్రం ఏనుగు వస్తుందని పిల్లలకు చెప్పేశారు కూడా.

ఆ కంప్యూటర్ బిగించింది బావమరిది. ఫోన్ చేయగానే వానలో తడుస్తూ వచ్చి, తల కూడా తుడుచుకోకుండా కుర్చీ లాక్కున్నాడు.

“ఎనిమిది కోర్లన్నావు, రాకెట్టన్నావు. దీనికంటే నా పాత డబ్బాయే నయం.”

బావమరిది ఏదో నొక్కాడు. కంప్యూటర్ మెదడులోని ఒక్కో కోరుకి ఒక్కోటి చొప్పున తెర మీద ఎనిమిది చిన్న గడులు తెరుచుకున్నాయి. ఒకదాంట్లో గీత పైకప్పుకి తగులుతోంది. మిగతా ఏడింట్లో నేలకి కరుచుకుని ఉంది.

“చూడు బావా. ఒకటి గొడ్డుచాకిరీ చేస్తోంది. ఏడు ముసుగుతన్ని పడుకున్నాయి. యంత్రం తప్పేం లేదు. ఒక్కదాన్నే వాడమని సెట్టింగులో ఎవరో కట్టేశారు.”

“ఎవరో ఎవరు? ఈ గదిలోకి వచ్చేదే...”

“నేనే,” అంది భార్య గుమ్మంలోంచి. ఆమె భుజం మీద మూడు నెలల పాప ఇంకా వెక్కుతూనే ఉంది.

ఆమెది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాప పుట్టాక సెలవులో ఉంది. ఆ సెట్టింగు ఎక్కడుంటుందో వెతుక్కోవలసిన మనిషి కాదు.

“ఎనిమిదీ కలిసి పరుగెత్తితే లోపల వేడి పుడుతుంది. దాన్ని తోడిపొయ్యడానికి ఫ్యాన్లు విమానంలా మోగుతాయి. బిగించిన రోజు ఆ మోతకి నేనే ఉలిక్కిపడ్డాను. పాప మామూలుగానే కునుకు తియ్యడం లేదు, ఇంక ఆ మోతలోనా? మీరు స్నానానికి వెళ్ళినప్పుడు కట్టేశాను.”

“ఒక్క మాట చెప్పొచ్చుగా.”

“చెబితే ఒప్పుకునేవారా?”

భర్త ఒప్పుకునేవాడు కాదు. అందుకే అటు తిరిగాడు.

“పోనీ నాలుగు వేస్తే?” అన్నాడు బావమరిదితో.

“మోత కొంచెం తగ్గుతుంది. సినిమా మాత్రం పిల్లలు పడుకున్నాక అందుతుంది.”

“ఎనిమిదీ వేస్తే?”

“ఇంచుమించు ఎనిమిది రెట్లు వేగం. ప్రతి బొమ్మా విడిగా తయారయ్యేదే కాబట్టి దేని వాటా అది లాగేస్తుంది. ఆఖర్న వాటిని వరసగా కుట్టి పాట అతికించే పని మాత్రం ఒక్క కోరే చెయ్యాలి. సూదిలో దారం ఎక్కించడానికి ఎనిమిది చేతులెందుకు? అయినా సాయంత్రానికి అందుతుంది.”

ఇద్దరూ ఆమె వైపు చూశారు. బయట వాన తెరిపివ్వడం లేదు. పాపని ఎత్తుకుని వీధిలో తిరగడానికి లేదు. ఇల్లు చూస్తే రెండే గదులు, మధ్య గోడ పేరుకే గోడ.

“ఆ పిల్లలకి ఎన్నేళ్ళుంటాయి?” అంది ఆమె.

“నాలుగు, అయిదు. ఒక పిల్లకి మూడేనట. రేపు పొద్దున్నే దానికి స్కానింగ్.”

ఆమె పాప వీపు నిమిరింది.

“మనది ఏడిస్తే ఎత్తుకోడానికి నేనున్నాను. ఆ యంత్రంలోకి వాళ్ళమ్మని రానివ్వరు. వేసెయ్యండి.”

లోపలికి వెళ్ళి తలుపు మూసుకుంది.

బావమరిది కట్టు విప్పాడు. ఏడు గీతలూ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. కాసేపటికి పెట్టెలోంచి ఈల మొదలైంది. ఈల మోత అయింది, మోత హోరైంది. ఇక ఆ గదిలో మాట్లాడాలంటే చెవిలో అరవాల్సిందే.

భర్త కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు. లేచి తలుపు దాకా వెళ్ళాడు, గడియ మీద చెయ్యి వేశాడు, తీసేశాడు. మళ్ళీ వెళ్ళాడు. లోపల పాప గుక్కపట్టి ఏడుస్తున్నా ఈ హోరులో వినిపించదు. వినిపించకపోవడమే అతనికి ఎక్కువ బాధగా ఉంది.

“ఏనుగు నడుం దాకా లోపలికెళ్ళింది బావా,” అని అరిచాడు బావమరిది.

వాన వెలిసేసరికి ఏనుగు తోకతో సహా యంత్రంలోకి వెళ్ళి, తుమ్మి, బయటికి వచ్చింది. గీతలు ఏడూ వాలిపోయి ఒక్కటే మిగిలింది. కుట్టు పని మొదలైందన్నమాట. హోరు మెల్లగా దిగి, ఈలగా మారి, ఆగింది. సినిమా ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

కాసేపటికి అక్కడి నర్సమ్మ దగ్గర్నించి ఫోను వచ్చింది. వెనక పిల్లల గోల.

“ఆట అయిపోయిందండీ. ఇప్పటికి రెండోసారి వేస్తున్నాం. ఆ మూడేళ్ళది రేపు అందరికంటే తనే ముందు వెళ్తుందట. ఏనుగు లోపల ఏమైనా మర్చిపోయిందేమో చూసి రావాలట.”

బావమరిది పగలబడి నవ్వాడు. భర్త కూడా నవ్వబోయాడు. అంతలో లోపలి గదిలో పాప కెవ్వున ఏడ్చింది.

తలుపు తెరుచుకుంది. భార్య గుమ్మంలో నిలబడింది. జుట్టు చెదిరిపోయి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. భర్త గబగబా ఎదురెళ్ళాడు.

“అయిపోయింది. ఆపేశాం. నీమీదొట్టు, మళ్ళీ ఇంట్లో ఎనిమిదీ వెయ్యను.”

“అసలు మిమ్మల్ని ఎవరు ఆపమన్నారు?” అంది ఆమె, ఆవులింత ఆపుకుంటూ. “పాప పుట్టాక మేమిద్దరం ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది ఇవాళే, ఆ హోరులోనే. ఆ ఎనిమిదీ మళ్ళీ వెయ్యండి.”