పొర పాటు

"ఇది ప్రాసెసర్ కాదు బాబూ, ఇస్త్రీ పెట్టె."

ఈ ఒక్క మాటకి మధ్యాహ్నానికల్లా వందల నవ్వులు పడ్డాయి. కొత్త డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఇంకా దుకాణాలకే రాలేదు. దాని మీద తొలి సమీక్ష మాత్రం వచ్చేసింది. వేడెక్కిపోతోందట, వేడెక్కి మందగిస్తోందట. ఇక ఆగుతారా? కంప్యూటర్లు సొంతంగా బిగించుకునే పిచ్చివాళ్ల ఆన్‌లైన్ గ్రూపు అది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగే రకాలు. చలి కాచుకోవడానికి రెండు కొంటానన్నాడొకడు. తడిబట్టలు ఆరబెట్టుకోవచ్చన్నాడు ఇంకొకడు.

ఆ వేడి నిజమేనా అని మాత్రం ఎవడూ అడగలేదు. ఎందుకంటే ఆ సమీక్ష రాసింది థర్మామీటర్. గ్రూపులో అతన్ని అందరూ పిలిచే పేరు అదే. థర్మామీటర్ జ్వరం ఉందన్నాడంటే ఉన్నట్టే.

ఆ థర్మామీటర్ ఇప్పుడు తన పనిగదిలో గడియ పెట్టుకుని, ముచ్చెమటలు పోసి కూర్చున్నాడు.

ఇంకో పరీక్ష కోసమని కూలర్ విప్పాడు. ప్రాసెసర్ నెత్తిన కూర్చుని దాని వేడిని లాగేసే లోహపు దిమ్మ అది. కొత్త కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. అది ఒలిచేసి బిగించాలి. ఒలవకపోతే వేడి పైకి రాదు, ప్రాసెసర్ లోలోపలే ఉడికిపోతుంది. ఈ పని నేర్చుకునేవాడికి మొట్టమొదట చెప్పే ముక్క అదే.

పొర అలాగే ఉంది.

బిగించిన కూలర్‌ను ఒకసారి విప్పి చూసుకోవడం అతనికి అలవాటు. ఈసారి చూడలేదు. విప్పడానికి మనసొప్పలేదు. ఒప్పినా ఒప్పకపోయినా చూసుకోవలసింది తనే కదా.

గ్రూపులో ఒకావిడ ఉండేది. ఆ ప్రాసెసర్‌ను రూపొందించిన బృందానికి పెద్ద. పొద్దున ఒకే ఒక్క ముక్క రాసింది. "మా కొలతల్లో ఇంత వేడి రాలేదండీ. మరొక్కసారి చూస్తారా?" అంతే, అందరూ ఆవిడ మీద పడ్డారు. కాకి పిల్ల కాకికి ముద్దు అని ఒకడు రాశాడు. దాని కింద ముందుగా బొటనవేలెత్తింది థర్మామీటరే. ఆవిడ గ్రూపులోంచి వెళ్లిపోయింది. పాపం, తన పిల్లకు జ్వరం లేదని ఆ తల్లి మర్యాదగానే చెప్పింది. అది తలుచుకుంటే అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

పొర ఒలిచి, బిగించి, మళ్లీ కొలిచాడు. ప్రాసెసర్ చల్లగా, బుద్ధిగా పనిచేసింది. వేడెక్కి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది.

స్నేహితుడికి ఫోన్ చేశాడు. ఎవరి తరఫునైనా వాదించగలడు కాబట్టి గ్రూపులో అతని పేరు లాయరు.

"ఎవడికి తెలుస్తుందిరా? కంపెనీవాళ్లే చెడిపోయిన పీసు పంపారని రాసెయ్. రేపు కొత్త కొలతలు పెట్టెయ్."

"వాళ్ల పీసు శుభ్రంగా ఉంది. ఇంకో నింద కూడా వెయ్యమంటావా?"

"పోనీ, నేను బిగించలేదు, ఇంకెవరో బిగించారు అని రాయి. ఇన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు గాల్లో కలిసిపోతుందిరా."

అతను తలుపు గడియ వైపు ఒకసారి చూశాడు.

"అది మాత్రం రాయను. నేనే బిగించానని రాస్తున్నా."

"నీలాంటి సత్యసంధుడితో వేగలేం" అని లాయరు ఫోన్ పెట్టేశాడు.

రాశాడు. "కూలర్ అడుగున పొర ఒలవకుండా బిగించాను. ప్రాసెసర్‌లో ఏ లోపమూ లేదు. తప్పు పూర్తిగా నాది. దాన్ని తయారుచేసినవాళ్లకు క్షమాపణలు."

ఇస్త్రీ పెట్టె అన్న నోళ్లే ఇటు తిరిగాయి. తిలాపాపం తలా పిడికెడు అని ఒక్కడికీ అనిపించలేదు. మొత్తం తెచ్చి ఇతని దోసిట్లోనే పోశారు. థర్మామీటర్‌కే జ్వరమొచ్చిందన్నారు. పొర వల్ల వచ్చిన పాటు కాబట్టి దీన్నే పొరపాటు అంటారని ఒకడు వ్యాకరణం చెప్పాడు. పరీక్షకు కొత్త బోర్డు పంపుతానన్న ఇంకో కంపెనీ, ఇక పంపడం కుదరదని మర్యాదగా రాసింది.

ఆవిడ దగ్గర్నుంచి విడిగా జవాబొచ్చింది. "నిజం చెప్పినందుకు ధన్యవాదాలు." ఆ మొదటి మాట దగ్గరే అతని చూపు ఆగిపోయింది. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

సాయంత్రం అమ్మ వచ్చి తలుపు తట్టింది.

"గడియ పెట్టుకున్నావేంరా? నేనేమన్నా పరాయిదాన్నా?"

"ఏం లేదమ్మా. దుమ్ము వస్తుందని."

అమ్మ టీవీల ఫ్యాక్టరీలో బోర్డులు బిగించి, బిగించి రిటైరైన మనిషి. అతని చేతికి మొదటిసారి స్క్రూడ్రైవర్ ఇచ్చింది ఆవిడే. బల్ల మీద పడి ఉన్న పొరను రెండు వేళ్లతో ఎత్తి వెలుతురులో చూసింది.

"కోడలు అంతా చదివి వినిపించింది. ఇది తియ్యకుండా బిగిస్తార్రా ఎవరైనా? నేను నేర్పిన పని ఇదేనా?"

"మర్చిపోయానమ్మా."

"ఈ వయసుకే మర్చిపోతే ఎలారా? నేను చేసినన్నాళ్లూ నా చేతి బోర్డు ఒక్కటి వెనక్కి రాలేదు. పాపం, ఆ ప్రాసెసర్ చేసిన అమ్మాయి ఎంత ఏడ్చి ఉంటుందో."

"తప్పయిపోయిందమ్మా."

"ఇకమీదట బిగించేటప్పుడు నన్ను పిలు. పక్కనుండి నేను చూస్తా."

"అలాగేనమ్మా" అన్నాడు తలొంచుకుని.

మొన్న పట్టుబట్టి ఆ కూలర్‌ను తన చేతులతోనే బిగించి, "ఎలా ఉందిరా నా పనితనం?" అని మురిసిపోయిన సంగతి అమ్మకు గుర్తు లేదు.