దుప్పటి మీద బొటనవేలు

పదో తరగతి చదివే కూతురు లిఖిత రీల్సు చూస్తూ నిద్ర మానేస్తోందని చెంగల్రాయుడు ఇంటి వైఫైలో వాటిని రాకుండా చేశాడు. ఆమె ఫోనును బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఆ రాత్రి బంగారుపాళ్యం మామిడితోటల్లో ఆకు కదలలేదు. లిఖిత గదిలోంచి సన్నని నవ్వు వినిపించి అతను తలుపు తెరిచాడు. నిద్రపోతున్న ఆమె ముఖం మీద నీలి వెలుగు అలలా కదులుతోంది. హైవే మీది లారీలదేమో అనుకున్నాడు. కిటికీ మూసే ఉంది. ఆమె చేతిలో ఏమీ లేదు. బొటనవేలు మాత్రం దుప్పటి మీద మెల్లగా పైకి జరుగుతోంది.

“ఏం సూస్తా ఉండావమ్మా?”

“నిన్నే, నాయనా,” అంది లిఖిత, కళ్ళు తెరవకుండానే.

అతను మంచం దగ్గరికి వచ్చాడు. “సాల్లే, ఇంక ఆపేసి పండుకో తల్లీ.”

“ఆపేస్తే నువ్వుండవు గదా నాయనా,” అంది లిఖిత జాలిగా.