తోడు అక్కర్లేని పంపు

“పంపుకేమైంది మామ్మగారూ?” అంటూ చేపల తొట్లు అమ్మే కొట్టాయన ఫిర్యాదుల పుస్తకం తెరిచాడు.

“నాకు రాత రాదు గానీ నోరుంది. చెప్పింది చెప్పినట్టు రాయి,” అన్నాను.

పోయిన నెల మా ఇంట్లో చేపల తొట్టికి నీళ్లు మార్చడానికి నేనడిగింది మామూలు గొట్టం. పై కొస ఒకరు పట్టుకోవాలి, కింద బకెట్ ఇంకొకరు చూసుకోవాలి. ఈ కొట్టాయన అంటగట్టింది కరెంటు పంపు. “మీట నొక్కితే అదే తోడేస్తుంది, ఎవరి తోడూ అక్కర్లేదు,” అన్నాడు.

“ఇప్పుడు తోడడం లేదా?”

“చుక్క ఒలకకుండా తోడుతోంది.”

“మరి లోపం లేకుండా వెనక్కెలా తీసుకోను?”

“గొట్టం ఇస్తావా, ఇవ్వవా?”

ప్రతి ఆదివారం పక్కింటి టీచరమ్మ వచ్చి, కింద కూర్చుని బకెట్ పట్టుకునేది. అది నిండేలోపు వారమంతా బడిలో జరిగిన కబుర్లన్నీ చెప్పేది. పంపు చూసి, “హమ్మయ్య, ఇక నాతో పనిలేదు పిన్నిగారూ!” అని నా కోసం సంతోషించి వెళ్లింది. నాలుగు ఆదివారాలుగా తలుపు చప్పుడు లేదు.

కొట్టాయన కలం ఎత్తాడు. “సరే, లోపం ఏమని రాయను?”

“తోడు లేకుండా తోడుతోందని రాయి. వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించు.”