గ్రీముర్ సాకు

జూలై రెండో శనివారం, మధ్యాహ్నం పడవ వచ్చే వేళకు, టోర్ఫీ తన మెడలోని తాళంచెవి తీసి తమ్ముడి కూతురు హల్లా చేతిలో పెట్టాడు. అది స్కార్‌సే దీవి మీది వేటగుడిసె తాళంచెవి. పందెం ఓడిపోతే ఇస్తానన్నాడు. ఆ రోజు పందెం గెలిచింది టోర్ఫీయే.

పందెం ముందురోజు రాత్రి భోజనాల దగ్గర మొదలైంది. ఎండుచేప ముక్క మీద వెన్న రాస్తూ హల్లా మాట ఎత్తింది.

"పఫిన్ల వేట ఈ ఏటితో ఆపేద్దాం పెదనాన్నా. పక్షులకు రోజులు బాగాలేవు."

హల్లా రెండేళ్లుగా పక్షుల లెక్కలు తీసేవాళ్లతో పనిచేస్తోంది. టోర్ఫీకి స్కార్‌సే మీద వేట నలభై ఏళ్ల అలవాటు. ఆ గుడిసె కట్టింది అతని తాత.

"ఆకాశం నిండా తిరుగుతుంటే రోజులు బాగాలేవంటావేంటి? కళ్లజోడు మార్చుకో."

"తిరిగితే సరిపోతుందా?"

"సరే. రేపు ఒక్క పూట. నాలుగు సంచులు నిండాయా, రేపు సాయంత్రం వేటగాళ్ల సంఘంలో నువ్వే లేచి వేట ఉండాలని చెప్పాలి. నిండలేదా, తాళంచెవి నీది. ఆ తలుపు మళ్లీ నేను తెరవను."

"అందులో మా నాన్న వాటా కూడా ఉంది."

"మీ నాన్న వాటానా? వాడి వాటా అంతా సాకులే."

హల్లాకు కూడా నవ్వొచ్చింది. పఫిన్లు నేలలో బొరియలు తవ్వి పిల్లల్ని పెంచే సముద్రపక్షులు. నోట్లో చేపతో వచ్చే పక్షికి బొరియలో పిల్ల ఉన్నట్టు. దాన్ని పట్టకూడదు. ఆ ఊళ్లో పిల్లలకు నడక వచ్చాక మొదట నేర్పేది ఇదే. హల్లా తండ్రి గ్రీముర్‌కు గురి లేదు. వల తప్పిన ప్రతిసారీ "దాని నోట్లో చేప ఉందిరా, అందుకే వదిలేశా" అని అరిచేవాడు. అతను పోయి అయిదేళ్లయింది. ఇప్పటికీ రేవులో ఎవడైనా పేకాటలో ఓడితే, "ఏం, చేప ఉందా?" అని అడుగుతారు.

శనివారం పొద్దున్నే సోల్వి తన పడవలో ఇద్దరినీ స్కార్‌సే దగ్గర దింపి వెళ్లాడు. అక్కడ రేవు లేదు. అల లేచినప్పుడు రాతి మీదికి దూకి, గొలుసు పట్టుకుని పైకెక్కాలి. కింద నల్లరాయి, దాని మీద ఎర్ర బూడిద, ఆ పైన గడ్డి. గడ్డి కింద నేలంతా బొరియలు. ఉత్తరాన ఐస్‌లాండ్ తీరం గీతలా కనిపించింది.

రాతి అంచున కూర్చున్న ఫుల్మర్ పక్షి ఒకటి హల్లా చొక్కా మీద నూనె కక్కింది. కంపు కొట్టింది.

"నిన్ను గుర్తుపట్టింది. లెక్కలు తీసే పిల్లని," అన్నాడు టోర్ఫీ.

దీవి నడుమ ఒకప్పుడు నిప్పులు కక్కిన అగ్నిబిలం అంచున రాళ్లు ఇప్పటికీ వెచ్చగా ఉంటాయి. టోర్ఫీ కాఫీ సీసా వాటి మధ్య పెట్టాడు. గడ్డిలో వెల్లకిలా ఆనుకుని, చివర వల కట్టిన గెడను ఒళ్లో పెట్టుకున్నాడు. దక్షిణం గాలి వాలు మీదికి ఎక్కుతోంది. ఆ గాలి మీద తేలుతూ పక్షులు మనిషి తల ఎత్తుకు వస్తాయి. దాటనిచ్చి, వెనక నుంచి గెడ లేపాలి.

మొదట పట్టినవాటి మెడలు విరిచి, బతికున్నట్టుగా గడ్డి మీద కూర్చోబెట్టాడు. వాటిని చూసి మిగతావి దగ్గరికొస్తాయి. వచ్చాయి.

మొదటి సంచి నిండింది. రెండోదీ నిండింది. చలికాలమంతా పీడించిన భుజం నొప్పి గుర్తే రాలేదు.

"మీ నాన్న ఉంటే ఈపాటికి గొంతు పోయేది, 'చేప, చేప' అని."

హల్లా నవ్వలేదు. సంచుల వైపు చూడటం లేదు. దుర్భిణిని సముద్రం వైపు తిప్పి, వస్తున్న పక్షులను ఒక్కొక్కదాన్నే చూస్తోంది.

"మాట్లాడవేం? ఓడిపోయేవాళ్లకు నోరు పడిపోతుందా?"

"నువ్వు పట్టు పెదనాన్నా."

పట్టాడు. నాలుగో సంచి మూతి కట్టి, దాని మీద చెయ్యేసి కూర్చున్నాడు. ఇద్దరికీ కాఫీ పోశాడు.

"ఇంకో సంచి తెచ్చుంటే అదీ నిండేది. ఇన్నేళ్లలో ఇంత తేలిగ్గా ఎప్పుడూ నిండలేదే! ఒక్కటి గురి తప్పిందా? నువ్వే చెప్పు."

"లేదు."

"గెలిచానా?"

"గెలిచావు."

"సాయంత్రం సంఘంలో ఈ ముక్కే చెప్పు. టోర్ఫీ నాలుగు సంచులు నింపాడని. చేప ఉందని నేను వదిలేసినవి కూడా కలిపి చెప్పు."

హల్లా దుర్భిణి ఒళ్లో పెట్టుకుంది.

"ఎన్ని వదిలేశావు?"

టోర్ఫీ లెక్కపెట్టడానికి వేలు మడవబోయి ఆగాడు. బిలం మీద పక్షులు ఇంకా తిరుగుతున్నాయి. వాటిని ఒక్కొక్కదాన్నే చూశాడు. తర్వాత కాళ్ల కింద నేలను చూశాడు. కాఫీ గడ్డిలో పారబోశాడు.

కింద సోల్వి పడవ కూత వేసింది.

టోర్ఫీ చొక్కా పై గుండీ విప్పి, మెడలోని తాడు పైకి లాగాడు.

పొద్దుటి నుంచి స్కార్‌సే మీదికి వచ్చిన పక్షుల్లో ఒక్కదాని నోట్లో కూడా చేప లేదు.